కొమ్ములకు కాలమ్ లేదు

6 ఫిబ్రవరి 1994, ఆదివారం

ఆఫీసులో ఊరికే ఇచ్చారు కదా అని తెచ్చుకున్న డైరీ. నెల దాటినా పేరు, బ్లడ్ గ్రూపు తప్ప ఏమీ రాయలేదు. ఇవాళ రాయకపోతే తల పగిలిపోయేట్టుంది.

మా కింది క్వార్టరులోకి డిసెంబరులో కొత్తవాళ్లు వచ్చారు. క్వార్టరు భార్య ఛాయాదేవి పేరు మీద ఉంది. ఆవిడ ఏదో మంత్రిత్వ శాఖలో స్టెనో. భర్త జయచంద్ర ఆర్మీ వర్క్‌షాపులో సుబేదారుగా చేసి రిటైరయ్యాడు. మదనపల్లె వాళ్లు, పిల్లల్లేరు. ఢిల్లీ ఆర్.కె. పురంలో మా సెక్టారుకు ఇంకో తెలుగు కుటుంబం వచ్చిందని అందరికంటే ముందు సంతోషించినవాణ్ణి నేనే. మా ఆవిడ కాంతమ్మ చేత గోంగూర పచ్చడి పంపించినవాణ్ణీ నేనే.

ఇవాళ పొద్దున ఆయన తన నల్ల బుల్లెట్టుకు కొత్త హ్యాండిల్ బిగించాడు. కరోల్ బాగ్‌లో చేయించాడట. అది హ్యాండిలా? రెండు పైపులు ట్యాంకు దగ్గర బయలుదేరి మనిషి మెడ దాకా లేచి, అప్పుడు వెనక్కి వంగాయి. వాటిని పట్టుకుంటే చేతులు భుజాలకంటే పైన ఉంటాయి. డి.టి.సి. బస్సులో రాడ్డు పట్టుకుని వేలాడేవాడిలాగా ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషికి ఇదేం పోయేకాలం?

మెట్ల దగ్గర కనిపిస్తే అడిగాను.

"సర్వీసులో ఉండంగా వెన్నుపూస దెబ్బ తినింది మూర్తిసార్. వొంగి తోలేకి కాదు. ఇట్ల పెట్టుకుంటే నిటారుగా కూసోవచ్చు" అన్నాడు.

నడుము నొప్పి నాకూ ఉంది. ఇరవై రెండేళ్లుగా ఫైళ్ల మీద వంగి ఉన్నాను. నేనేమన్నా కుర్చీకి పైపులు మొలిపించుకున్నానా?

భోజనాల దగ్గర అదే అన్నాను. "కింద దున్నపోతుకు కొమ్ములు మొలిచాయి, చూశారా?" అని. కాంతమ్మ ముసిముసిగా నవ్వింది. తేజకైతే పొలమారింది. మా అమ్మాయి నా మాటకు అంతలా నవ్వి ఎన్నాళ్లయిందో!

"కొమ్ములు! క్యా వర్డ్ హై పాపా!" అంది.

ఆ సంతోషం రెండు నిమిషాలు. కంచం అక్కడే వదిలేసి, ఆ కొమ్ములేవో చూడటానికి కిందికి పరిగెత్తింది.

7 ఫిబ్రవరి

నాకేమీ అసూయ లేదు. హ్యాండిల్ ఎత్తు గురించి ఒక పౌరుడిగా రాసుకున్నాను, అంతే.

13 ఫిబ్రవరి, ఆదివారం

తేజశ్రీ ఢిల్లీలో పుట్టి ఢిల్లీలో పెరిగింది. మేము తెలుగులో అడిగితే తను హిందీలో జవాబిస్తుంది. పంతొమ్మిదేళ్లుగా మా ఇంట్లో ఇదే ఏర్పాటు. నన్ను పాపా అంటుంది. మా గుంటూరులో పాప అంటే చంటిపిల్ల. కన్నకూతురు చంటిపిల్లా అని పిలుస్తుంటే ఇన్నేళ్లూ పలుకుతూ వచ్చాను. చిన్నప్పుడు రెండు ఎండాకాలాలు ఎర్ర పెన్సిలు పట్టుకుని గుణింతాలు దిద్దించాను. అది ఏడ్చేది, నేను అరిచేవాణ్ణి. కా, కి దాటలేదు.

ఇవాళ బాల్కనీలో పేపరు చదువుకుంటుంటే కింద నుంచి ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది. "ఎట్ల తిప్పాల అంకుల్? ఇట్లనా?"

చక్కని తెలుగు. ఎవరి పిల్లా అని తొంగి చూశాను. నా పిల్లే! బుల్లెట్టు మీద కూర్చుని, రెండు చేతులూ పైకెత్తి ఆ కొమ్ములు పట్టుకుని ఉంది. జయచంద్ర పక్కన నిలబడి చెబుతున్నాడు. "చేతులతో కాదు బిడ్డా, నడుముతో తిప్పల్ల. హ్యాండిలు ఎత్తుగా ఉండాది గదా, మెల్లగా పోయేటప్పుడే బండి ఊగేది. భయపడొద్దు."

పంతొమ్మిదేళ్లు నాకు దక్కని తెలుగు వాడికి వారంలో దక్కింది. పైగా మా గుంటూరు తెలుగు కాదు, మదనపల్లె తెలుగు!

పైకి రాగానే అడిగాను, "ఎప్పుడు మొదలుపెట్టావే ఈ బండి?"

"పరసోఁ సే" అంది. అంటే మొన్నటి నుంచి. లెర్నర్స్ లైసెన్సు కూడా తెచ్చుకుందట, నాతో ఒక్క మాట చెప్పకుండా.

"స్కూటరు నేను నేర్పిస్తానన్నాను కదా."

చెప్పులు విప్పి లోపలికి వెళ్లిపోయింది. పోయిన మే నెలలో గ్రౌండుకి తీసుకెళ్లాను. రెండోసారి కిందపడగానే "దిగు, ఇది నీవల్ల అయ్యే పని కాదు" అన్నాను. గ్రౌండులో ఉన్నవాళ్లంతా చూశారు. కోపంలో అన్న మాట, ఏ తండ్రి అనడు? దానికే మళ్లీ స్కూటరు ముట్టుకోలేదు.

20 ఫిబ్రవరి, ఆదివారం

ఒక సంగతి గమనించాను. మా సందు చివర చెత్తకుండీ దగ్గర వెనక్కి తిరగాలంటే హ్యాండిల్ పూర్తిగా తిప్పాలి. అలా తిప్పినప్పుడల్లా బుల్లెట్టు దానంతటదే రేజ్ అవుతోంది. డుగ్ డుగ్ అనేది ఒక్కసారిగా గుర్రుమంటుంది, హ్యాండిల్ తిన్నగా రాగానే మళ్లీ డుగ్ డుగ్. నా చేతక్ స్కూటరుకు ఒకసారి మెకానిక్ పొట్టి వైరు వేస్తే ఇలాగే అయింది. హ్యాండిల్ ఎత్తు పెంచాడు, ఆక్సిలరేటర్ వైరు మాత్రం పాతదే ఉంచేసినట్టున్నాడు. తిప్పినప్పుడు అది లాగుతోంది.

ఆర్మీ ట్యాంకుల ఇంజన్ల పక్కన ఏళ్ల తరబడి పనిచేసి జయచంద్రకు ఒక చెవి మందగించింది. ఆ తేడా ఆయనకు వినపడదు. బాల్కనీలో ఉన్న నాకు స్పష్టంగా వినపడుతుంది.

చెబుదామనే కిందికి దిగాను. తేజ ఆయన పక్కన నిలబడి ఏదో చెబుతూ పడీపడీ నవ్వుతోంది. నన్ను చూసి నవ్వు ఆపేసింది. పాల డిపోకి వెళ్తున్నట్టు నటించి ముందుకు సాగిపోయాను. ఆర్మీ వర్క్‌షాపు సుబేదారుకు గుమాస్తా చెప్పేదేముంది? ఆయనే చూసుకుంటాడు.

24 ఫిబ్రవరి

లైబ్రరీ నుంచి మోటారు వాహనాల చట్టం తెచ్చాను. యాభై రెండో సెక్షను. నాకు అర్థమైనంతవరకు, ఆర్.సి. పుస్తకంలో రాసి ఉన్న వివరాలు తప్పయ్యేలా బండిని మార్చాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. బాగుంది, దొరికాడు అనుకున్నాను. తర్వాత నా చేతక్ ఆర్.సి. తీసి చూశాను. రంగుకు కాలమ్ ఉంది. సీట్లకు ఉంది. ఇంజన్ నంబరుకు, బరువుకు ఉంది. హ్యాండిల్‌కు లేదు! రాయని వివరం తప్పెలా అవుతుంది?

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక కాలమ్ లేనందుకు ఇంత బాధపడింది ఇదే మొదటిసారి.

27 ఫిబ్రవరి, ఆదివారం

తేజ కింద రాగిసంగటి తిని వచ్చింది. ఛాయాదేవి చేసిందట. "ఛాయమ్మ కే హాథ్ కా సంగటి, పాపా, మస్త్!" అని లొట్టలు వేసింది. ఇంట్లో ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి పెడితే ఆకలి లేదంటుంది.

"మీరు ఎందుకండీ అలా ముడుచుకుపోతారు? పిల్లల్లేనివాళ్లు, ముచ్చటపడి పెట్టారు" అంది కాంతమ్మ.

పిల్లల్లేకపోతే నా పిల్లను తీసుకుంటారా? అవును, నాకు ఒళ్లు మండుతోంది. ఇది నా డైరీ, ఎవరు చూడొచ్చారు? ఏడో తారీకున రాసింది అబద్ధం. ఆ మనిషి వంగలేని నడుమును చూసి కూడా నాకు ఒళ్లు మండుతోంది.

1 మార్చి, మంగళవారం

లంచ్ టైములో సెక్షన్‌లో ఎవరూ లేనప్పుడు టైపు చేశాను. రవాణా ఆఫీసుకు ఫిర్యాదు. పేరు పెట్టలేదు. "ఒక ప్రజా శ్రేయోభిలాషి" అంతే.

నా డ్రాఫ్టులో సెక్షన్ ఆఫీసరు కామా కూడా మార్చడు. సంగతి చెప్పేటప్పుడు కళ్లకు కట్టాలి. హ్యాండిల్ అని రాస్తే చప్పగా ఉంది, చదివేవాడు ఆవలిస్తాడు. అందుకే మా ఇంటి మాటే పెట్టాను. "ది సెడ్ వెహికల్ ఈజ్ ఫిటెడ్ విత్ టూ హార్న్స్ ఆఫ్ అబ్నార్మల్ హైట్, టు ది టెరర్ ఆఫ్ ది పబ్లిక్." ఆహా! మూడుసార్లు చదువుకున్నాను. కింద "కాపీ టు" అని ముగ్గురు అధికారుల పేర్లు పెట్టాను. కాపీలు లేని ఫిర్యాదును ఏ ఆఫీసూ కదిలించదు. ఆ సంగతి ఇంకొకరు నాకు చెప్పక్కర్లేదు.

వైరు సంగతి రాయలేదు. అది చిన్న విషయం, డ్రాఫ్టు పలచబడుతుంది.

2 మార్చి

పోస్టు చేశాను. ప్రజాహితం కోసం.

12 మార్చి, శనివారం

తేజ పడిపోయింది.

చెత్తకుండీ దగ్గరే. నేను బాల్కనీలో ఉన్నాను. హ్యాండిల్ పూర్తిగా తిప్పింది, బండి గుర్రుమని ముందుకు దూకింది, కుండీకి తగిలి పక్కకు ఒరిగింది. మోచేతికి మూడు కుట్లు. ఇంకే దెబ్బా లేదు, దేవుడి దయ.

డిస్పెన్సరీ బెంచీ మీద జయచంద్ర తల పట్టుకుని కూర్చున్నాడు. "నా తప్పే సార్. ఇంగా కొన్నాళ్లు నేను పక్కన నడవాల్సిండె" అన్నాడు.

తేజ ఏడుస్తూ తల అడ్డంగా ఊపింది. "నహీఁ అంకుల్, నేనే ఆక్సిలరేటర్ ఎక్కువ తిప్పేసినా. పాపా సహీ కహతే థే. నా వల్ల కాదు."

నాన్న చెప్పిందే నిజం, నా వల్ల కాదు. నేను గ్రౌండులో అన్న మాట! దాని చెయ్యి తిప్పలేదని నాకు తెలుసు. వైరు లాగిందని నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారు. కాంతమ్మ అంటుంది, ఛాయాదేవి అంటుంది. తేజ అంటుంది.

ఇంజక్షన్ చేయించి ఇంటికి తీసుకొచ్చాను.

15 మార్చి

తేజ కిందికి వెళ్లడం మానేసింది. కాలేజీ నుంచి నేరుగా ఇంటికి వస్తోంది. ముద్దపప్పు పెడితే తింటోంది. నా పక్కన కూర్చుని టీవీ చూస్తోంది.

నేను కోరుకున్నది ఇదే కదా. మరి అదేమిటో, గంటసేపు పక్కన కూర్చుని ఒక్క మాట మాట్లాడకపోతే ఆ పిల్ల ఇంట్లో ఉన్నట్టే లేదు.

18 మార్చి, శుక్రవారం

సాయంత్రం జయచంద్ర ఒక కాగితం పట్టుకుని పైకి వచ్చాడు. మెట్లెక్కడానికే ఆయనకు కష్టం, ఒక్కో మెట్టుకూ ఆగుతాడు. కాంతమ్మ కుర్చీ వేసింది.

"రవాణా ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది మూర్తిసార్. ఎవురో నా బండి మీద పిటిషన్ పెట్టినారు. నకలు కూడా పంపినారు. చూడండి."

ముందు నోటీసు చదివాను. ముప్ఫయ్యో తారీకున సదరు వాహనాన్ని "రెండు హారన్లతో సహా" తనిఖీకి హాజరుపరచవలెనని ఉంది.

రెండు హారన్లా? ఒక నిమిషం ఏమీ అర్థం కాలేదు. నకలు తిప్పాను. నా టైపు, నా కామాలు. టూ హార్న్స్ ఆఫ్ అబ్నార్మల్ హైట్. అప్పుడు బోధపడింది. నేను రాసింది కొమ్ములు. వాళ్లు చదివింది పీఁ పీఁ అనే హారన్! ఇరవై రెండేళ్లు డ్రాఫ్టులు రాసి, కామా మార్చనివ్వని మొనగాణ్ణి. ఢిల్లీలో హ్యాండిల్‌ను కొమ్ములు అనేది మా ఇంట్లో తప్ప ఇంకెక్కడుంది? ఛ! నా బుర్రను ఏ చెప్పుతో కొట్టుకోవాలి?

తేజ టీ తెచ్చింది. "క్యా హై?" అంటూ నా భుజం మీదుగా కాగితంలోకి చూసింది. చదివింది. నా వంక చూసింది. కప్పు టేబులు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

జయచంద్ర కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు, "ఇంగ్లీషులో మీ అంతటోళ్లు ఈడ ఎవురుండారు సార్? జవాబు మీరే రాయల్ల. ఆ పొద్దు తోడుకు కూడా మీరే రావల్ల."

"అయ్యో, తప్పకుండా జయచంద్రగారూ" అన్నాను. ఇంకేమంటాను?

19 మార్చి

నా ఫిర్యాదుకు నేనే జవాబు రాశాను. వాహనానికి కంపెనీ అమర్చిన హారన్ ఒక్కటే ఉందనీ, రెండోది ఎన్నడూ లేదనీ. హ్యాండిల్ ఊసే లేదు. ఒకరకంగా తప్పు మాట పడటమే మంచిదైంది. హారన్ ఒకసారి నొక్కి చూస్తారు, ఫైలు మూసేస్తారు. ఎవరికీ నష్టం లేదు.

22 మార్చి

తేజ నాతో తెలుగూ మాట్లాడటం లేదు, హిందీ మాట్లాడటం లేదు. నా పేరు కింద చెబుతుందేమోనని రోజూ వింటున్నాను. మళ్లీ కిందికి వెళ్లి వస్తోంది, వాళ్ల ఇంట్లో ఏ గొడవా వినిపించడం లేదు. చెప్పలేదన్నమాట.

26 మార్చి

ఎందుకు చెప్పలేదో అడగాలని ఉంది. ఎలా అడగను?

30 మార్చి, బుధవారం

సగం రోజు సెలవు పెట్టాను. జయచంద్ర బుల్లెట్టు మీద, వెనక తేజ. నేను చేతక్ మీద వాళ్ల వెనక. తేజ తనూ వస్తానని పట్టుబట్టింది. నన్ను చూడటానికే వచ్చిందేమో అనిపించింది.

తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు హరియాణా మనిషి. పెద్ద మీసాలు, చేతిలో మా ఫైలు. హారన్ నొక్కాడు. పీఁ అంది. బండి చుట్టూ తిరిగాడు, సీటు ఎత్తించాడు, హెడ్‌లైటు వెనక వేలు పెట్టి వెతికాడు.

"దూస్రా కహాఁ హై?" రెండోది ఎక్కడ?

"ఏక్ హీ హై సాబ్" అన్నాడు జయచంద్ర.

నేను రాసిన జవాబు చూపించాను. ఆయన దాన్ని పక్కన పెట్టి ఫిర్యాదు తీశాడు. "ఇందులో రెండు అని ఉంది. టైపు కొట్టి ఉంది. ముగ్గురు అధికారులకు కాపీ వెళ్లింది. ఊరికే అబద్ధమాడేవాడు మూడు కాపీలు పంపుతాడా? నోటీసు రాగానే పీకించేశారు, అంతే కదా? ఆ ప్రెషర్ హారన్ తెచ్చి చూపించేదాకా ఆర్.సి. నా దగ్గరే ఉంటుంది. బండి తీయొద్దు."

నా కాపీలు! నా మూడు కాపీలు ఆ మనిషి బండిని మింగేస్తున్నాయి. లేని హారన్ ఎక్కడ నుంచి తెస్తాడు? వంగలేని నడుముతో ఈ ఊళ్లో ఇంకే బండి నడుపుతాడు?

జయచంద్ర మాట్లాడతాడనుకున్నాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, పెరేడ్‌లో ఉన్నట్టు నిలబడ్డాడు. తేజ మాట్లాడుతుందనుకున్నాను. అది నేల చూస్తోంది, పెదవి కొరుక్కుంటోంది. ఇన్‌స్పెక్టరు ఆర్.సి. పుస్తకం ఫైలులో పెట్టి తాడు ముడివేస్తున్నాడు.

"సాబ్" అన్నాను. ఆయనకు వినపడలేదు. మళ్లీ అన్నాను. "సాబ్, హార్న్ అంటే హారన్ కాదు. ఈ హ్యాండిల్."

"ఏ భాషలో?"

"తెలుగులో. కొమ్ములు అంటాం. జంతువుకుండే కొమ్ములు."

"రాసినవాడి మనసులో మాట మీకెలా తెలుసు?"

"మైనే లిఖా థా, సాబ్. రాసింది నేనే."

ఇన్‌స్పెక్టరు నన్ను చూశాడు. జయచంద్రను చూశాడు. హ్యాండిల్‌ను కింద నుంచి పైదాకా చూశాడు. అప్పుడు నవ్వడం మొదలుపెట్టాడు చూడండి, మీసాలు తడిసేలా నవ్వాడు. పక్క గదిలోవాళ్లను పిలిచి, "సీంగ్! ఈయన కొమ్ములని రాశాడు, మనం హారన్ వెతుకుతున్నాం!" అని చెప్పి మళ్లీ నవ్వాడు. నేను తలెత్తలేదు. తేజ చెప్పులు మాత్రం కనిపిస్తున్నాయి. అవి కదల్లేదు.

నవ్వు అయ్యాక ఆర్.సి. బయటికి తీసి, వేలితో ఒక్కో గడీ చూసుకుంటూ వెళ్లాడు. "హ్యాండిల్ కా తో ఖానా హీ నహీఁ హై" అన్నాడు. హ్యాండిల్‌కు గడే లేదట. ఆ సంగతి నాకు ఫిబ్రవరి ఇరవై నాలుగునే తెలుసు.

తర్వాత బండి ఎక్కి స్టార్టు చేశాడు. చేతులు పైకెత్తి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పాడు. చివరిదాకా తిప్పేసరికి బుల్లెట్టు గుర్రుమంది.

నవ్వు ఆగిపోయింది. "అసలు జబ్బు ఇదీ. ఆక్సిలరేటర్ కేబుల్ పొట్టిది. హ్యాండిల్ ఎత్తుగా ఉంటే ఎవరూ చావరు, దీనివల్ల చస్తారు. వారంలో మార్చి చూపించు" అని ఆర్.సి. చేతిలో పెట్టాడు.

జయచంద్ర ముఖం నల్లబడింది. మంచి చెవిని ఇంజను వైపు వంచి, తనే ఇంకోసారి తిప్పి విన్నాడు. "బిడ్డా, ఆ పొద్దు నీ చెయ్యి కాదు" అన్నాడు. "నా కేబులు. క్లచ్చుది మార్చినా, బ్రేకుది మార్చినా, ఇది సరిపోయిందనుకున్నా. నా చెవి చెడ!"

తేజ తన మోచెయ్యి తడుముకుంది. "మేరీ గల్తీ నహీఁ థీ?" అంది. "నా తప్పు కాదా?" అని మళ్లీ తెలుగులో అంది. దాని ముఖంలోకి రక్తం వచ్చింది. పద్దెనిమిది రోజుల తర్వాత.

ఇన్‌స్పెక్టరు మూడు నిమిషాల్లో కనిపెట్టాడు. నేను ముప్ఫై ఎనిమిది రోజులు మోశాను.

తిరిగి వచ్చేటప్పుడు తేజ నా స్కూటరు వెనక ఎక్కింది. నేను పిలవలేదు. రింగు రోడ్డు మీద మోతీ బాగ్ దగ్గర ఎర్ర లైటు పడింది.

"ఫిర్యాదు రాసింది నేనేనని మీ అంకుల్‌కి ఇవాళ తెలిసింది. ఇంక ఏ ముఖం పెట్టుకుని మాట్లాడతాను" అన్నాను ముందుకు చూస్తూనే.

"ఈ పొద్దు కాదు నాన్నా" అంది.

నాన్నా అంది. పాపా కాదు.

"నోటీసు వచ్చిన దినమే అంకుల్‌కి తెలుసు. కొమ్ములు అని వాళ్లకు చెప్పిందే నేను. మా నాన్న పెట్టిన పేరు, ఎట్లుంది అని ఫిబ్రవరిలోనే చెప్పినా. వాళ్లు రోజూ అదే అంటారు. నాన్న ఏమి మాట అనినాడో చెప్పు అని ఛాయమ్మ దినామూ అడుగుతుంది. నేను రోజూ నీ మాటలు చెప్పి నవ్విస్తా ఉండా."

పచ్చ లైటు పడింది. వెనక బస్సువాడు హారన్ కొట్టాడు. స్కూటరు పక్కకు తీసి ఆపాను.

పాల డిపోకి వెళ్తున్నట్టు నటించిన రోజు ఆ పిల్ల నవ్వు ఆపేసింది. అప్పుడు చెబుతున్నది నా మాటేనేమో. నన్ను చూసి సిగ్గుపడి ఆపిందేమో. వాళ్లింటికి నా పిల్ల నన్ను మోసుకుపోతుంటే, నేను బాల్కనీలో కూర్చుని కుళ్లి చచ్చాను. ఆ మనిషికి అన్నీ తెలుసు. తెలిసే మెట్లన్నీ ఎక్కి వచ్చి జవాబు రాయమన్నాడు. తెలిసే ఇవాళ ఆర్.సి. పోతున్నా నా పరువు కోసం నోరు మెదపలేదు.

"మరి నువ్వెందుకు చెప్పలేదే ఇన్‌స్పెక్టరుకి?"

"నువ్వు చెప్తావేమో చూసినా" అంది. కాసేపటికి నా భుజం మీద చెయ్యి వేసింది. కుట్లు పడిన చెయ్యి.

31 మార్చి

కాంతమ్మకు అంతా చెప్పాను. తిట్టింది, తర్వాత నవ్వింది, తర్వాత గారెలు చేసి కిందికి పట్టుకెళ్లింది. జయచంద్ర చేతులు పట్టుకున్నాను. "పోనీండి సార్, కొమ్ములకు కాలమ్ లేదని ప్రభుత్వమే చెప్పె" అన్నాడు.

వైరు సంగతి ముందే తెలుసని ఎవరికీ చెప్పలేదు.

1 ఏప్రిల్

తేజ మూడు రోజులుగా తెలుగులో మాట్లాడుతోంది. నాన్నా, నీళ్లు తీసుకో. నాన్నా, నా పెన్ను యాడ పెట్టినావు? మదనపల్లెదైతే ఏం, తెలుగు తెలుగే.

చెప్పకపోతే ఏం పోయింది? ఎవరికీ తెలియదు. బండి బాగుపడుతుంది. పిల్ల బాగుంది.

3 ఏప్రిల్, ఆదివారం

పొద్దున కేబులు మార్చారు. నేను పానాలు అందించాను. తేజ నడిపింది. సందు చివర చెత్తకుండీ దగ్గర హ్యాండిల్ పూర్తిగా తిప్పింది. బండి డుగ్ డుగ్ అంటూ బుద్ధిగా తిరిగింది. గబగబా పైకి వచ్చి, "చూసినావా నాన్నా? నా వల్ల అయింది!" అంది. నుదుటి మీద చెమట, ముఖమంతా నవ్వు.

ఆ నవ్వు నాకు ఇష్టంగా ఉంది, ఇంకొంచెంసేపు చూడాలని ఉంది. కానీ అది "నా వల్ల అయింది" అంటుంటే ఇక ఓర్చుకోలేకపోయాను.

"తేజా, కూర్చో" అన్నాను. "ఆ వైరు సంగతి నాకు ముందే తెలుసు. ఫిబ్రవరిలోనే విన్నాను, ఈ బాల్కనీలోంచి. నువ్వు పడకముందే తెలుసు. పడ్డాక కూడా, తప్పు నీది కాదని తెలిసే ఊరుకున్నాను."

"ఎందుకు?" అంది.

"కుళ్లు. నువ్వు వాళ్లతో నవ్వుతున్నావని."

అది మోచెయ్యి తిప్పి మచ్చ చూసుకుంది. ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. కింద ఛాయాదేవి సంగటి ఉడికిందని పిలిచింది. తేజ లేచి, దుపట్టా సర్దుకుని, గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ఠీక్ హై, పాపా" అంది.

మెట్లు దిగి వెళ్లిపోయింది.